డబ్బా మింగిన మాటలు

"ఈ వైరు కోసిందెవరు?"

నాగులకుప్పం చేపల వేలం అరుగు మీద నిలబడి నరేంద్రబాబు అడిగాడు. స్తంభానికి బిగించిన లౌడ్‌స్పీకర్ డబ్బా నుంచి తెగిన వైరు సముద్రపు గాలికి ఊగుతోంది. తెగిన చోట ఒక్క పోగు కూడా చెదరలేదు. కత్తి మంచి పదునుగా ఉన్నట్టుంది.

"నేనే."

ఆమె చేతిలో ఇంకా ఆ కత్తి ఉంది. పక్కన గంపలో పొలుసు తీసిన చేపలున్నాయి. పేరు రోజా. నాయుడుపేటలో బీకాం చదివి వచ్చి, ఊళ్ళో మత్స్యకార మహిళా సంఘం పని చూస్తోంది. పొద్దున పూట మాత్రం అమ్మకు సాయంగా అరుగు దగ్గర కూర్చుంటుంది.

"ఎందుకు కోశారు?"

"దానికి మాట్లాడటం రాదు గనక."

నరేంద్రబాబుకు చెవులు వేడెక్కాయి. ఆ డబ్బాకు మాటలు నేర్పింది తనే. నెల్లూరులో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళది. సముద్రం మీద గాలివానల గురించి హెచ్చరిక వస్తే, అందుకుని, మనిషి గొంతుతో చదివి ఊరంతటికీ వినిపించే డబ్బాలు చేస్తారు. చిట్టమూరు దాటి తీరం వెంబడి ఉన్న ఊళ్ళలో మొట్టమొదటిది ఇక్కడే పెట్టారు.

"మొన్న అదేం జెప్పిందో తెలుసా సార్?" అంది రోజా. గొంతు మార్చి, డబ్బాలాగే బిగుసుకుపోయి చెప్పింది. "నాగులకుప్పం. శనివారం. దక్షిణం. నలభై కిలోమీటర్లు. అంతే, ఊరుకుంది. నలభై కిలోమీటర్లు దక్షిణంగా పోతే దొరవారిసత్రం వస్తాది గదా, ఆడ మనకేం పని అని మా అవ్వ అడిగింది. ఏం జెప్పమంటారు?"

గంపల దగ్గరున్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

"సమాచారం అంతా ఉంది కదండీ. గాలి. దిక్కు. వేగం. క్లియర్."

"మీరు గూడా ఆ డబ్బా మాదిరే మాట్లాడతన్నారే."

అది గట్టిగానే తగిలింది. ఎందుకంటే అమ్మ కూడా అదే మాట అంటుంది. సంగంలో వరి పండించే ఇల్లు వాళ్ళది. 'మా వాడితో ఫోన్‌లో మాట్లాడితే తంతి అందుకున్నట్టుంటుంది' అని వెంకటశేషమ్మ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

"ఆ వచ్చే మెసేజేదో మొత్తం నాకు పంపండి. నేనే మైకులో చదువుతా," అంది రోజా.

"కుదరదు. మనిషి చదివితే తప్పులొస్తాయి."

"డబ్బా చదివితే?"

"డబ్బాకు తప్పు రాదు."

ఆ మాట అన్నందుకు రెండు రోజుల్లోనే తన నాలుక తనే కొరుక్కోవాల్సి వస్తుందని అతనికప్పుడు తెలియదు.

"సరే, పందెం," అంది రోజా. "మా ఊరోళ్ళకు అర్థమయ్యే మాట ఆ డబ్బా ఒక్కటి జెప్పినా, నా చేత్తో పులుసు చేసి పెడతా."

వైరు అతికించడానికి పది నిమిషాలు పట్టింది. అయినా నరేంద్రబాబు వెనక్కి పోలేదు. డబ్బాను కొన్నాళ్ళు గమనించాలని ఆఫీసుకు ఫోన్ చేసి, సంఘం గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ గదిలోనే రోజా మైకు ఉంది. ఊరి కబుర్లన్నీ ఆమె అందులోనే చెబుతుంది.

"ధనలక్ష్మత్తా, నీ మేక మళ్ళీ మా ఆఫీసులోకొచ్చింది. కుర్చీ కవరు తినేసి ఇప్పుడు నెల్లూరు సారు బ్యాగు వైపు జూస్తా ఉంది. ఆయన మేకను జూసి భయపడతా ఉన్నాడు, మేక ఆయన్ని జూసి భయపడటం లేదు. తొందరగా రా."

బయట వీధి వీధంతా నవ్వు. నరేంద్రబాబు తల దించుకుని తెర వైపు చూస్తున్నట్టు నటించాడు. ఆమె మాట్లాడితే ఒక్క ముక్క తగ్గదు, ఒక్క ముక్క మిగలదు. మరుసటి రోజుకు, ఆమె మైకు స్విచ్చి నొక్కిన టక్‌మనే చప్పుడు కోసం తను ఎదురుచూస్తున్నాడని అతనికే అర్థమైంది. ఆమె చూసినప్పుడు అతను తెర వైపు, అతను చూసినప్పుడు ఆమె మేక వైపు చూశారు.

బుధవారం తెల్లవారింది. రెండు రోజులుగా సముద్రం పోటెత్తి పడవలన్నీ ఇసుకలోనే ఉన్నాయి. డబ్బా గరగరమంది.

"నాగులకుప్పం. బుధవారం ఉదయం. వేటకు వెళ్లవచ్చు."

ఒడ్డున ఉన్న మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందుగా తేరుకున్నది చిన్నపోలయ్య. రోజా నాయన. ఆయన స్తంభం దగ్గరికొచ్చి, మాట విన్న ఎద్దును తట్టినట్టు దాన్ని తట్టాడు.

"ఇన్నాళ్ళకు మనిషి మాదిరి మాట్లాడినావు," అన్నాడు. "రారా పెంచలా, పడవ తోద్దాం పట్టు."

రోజా అన్న పెంచల్ వల భుజానికెత్తుకుంటూ నరేంద్రబాబును చూసి బొటనవేలు పైకెత్తాడు. పడవలు ఒకదాని వెంట ఒకటి అలలు దాటాయి. అన్నీ చిన్న పడవలే. ఆ ఊళ్ళో పెద్ద మరబోటు ఒక్కటి కూడా లేదు.

ఎండ పైకొచ్చాక రోజా సంఘం గదిలోకి వచ్చింది.

"ఓడిపోయినాను సార్. పులుసుకి వంజరం తెమ్మని నాయనకు జెప్పినా." కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇంతకీ ఆ మెసేజ్ ఒకసారి చూపించండి. అంత చక్కంగా ఎట్టా జెప్పిందో జూస్తా."

నరేంద్రబాబు గర్వంగా ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. హెచ్చరిక వచ్చింది వచ్చినట్టు తెర మీద తెరుచుకుంది. ఎక్స్‌ఎంఎల్. అంటే పెద్ద వింతేమీ కాదు, మామూలు వాక్యాలే. కాకపోతే ఊరి పేరు, సమయం, చేయాల్సిన పని, ఇలాంటి ముఖ్యమైన మాటలకు అటూ ఇటూ ట్యాగులు తగిలించి ఉంటాయి.

రోజా పైకి చదివింది. ట్యాగులను వదిలేసి, మాటలను మాత్రమే.

"నాగులకుప్పం తీరం నుంచి పెద్ద మరబోట్లు మాత్రమే బుధవారం ఉదయం వేటకు వెళ్లవచ్చు. చిన్న పడవలు సముద్రంలోకి దిగరాదు. మధ్యాహ్నానికి..."

ఆగింది.

మిగతాది నరేంద్రబాబు కళ్ళతోనే చదివాడు. మధ్యాహ్నానికి ఈదురుగాలి.



"ఇందులో ఉన్నది డబ్బా ఎందుకు జెప్పలేదు?" రోజా గొంతు చాలా మెల్లగా ఉంది.

"అరలు," అన్నాడు. "నా ప్రోగ్రాంలో అరలున్న పెట్టె ఒకటుంటుంది. ఆబ్జెక్ట్ అంటాం. ఊరి పేరుకు ఒక అర. సమయానికి ఒకటి. పనికి ఒకటి. ట్యాగున్న మాట వచ్చి తన అరలో పడుతుంది."

"ట్యాగు లేని మాటలు?"

"వాటికి అర లేదు."

"పారేసినాది."

"ఎర్రర్ కూడా చూపించకుండా."

ఆఫీసులో పరీక్ష కోసం అతను తనే మెసేజీలు తయారు చేసుకున్నాడు. ప్రతి మాటకూ ట్యాగు తగిలించి, పొడిపొడిగా. ట్యాగుల నడుమ ఇలా మనుషుల మాటలు కూడా వస్తాయని అతనికి తట్టనే లేదు. ఎలా తడుతుంది, తను మాట్లాడేదే అలా.

రోజా తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి పరుగెత్తింది.

పెంచల్ ఫోనుకు కాల్ చేసింది. మోత వాళ్ళింట్లోంచే వినిపించింది. ఉప్పునీళ్ళు తగులుతాయని ఫోన్లు ఇళ్ళలోనే వదిలి పోతారు అందరూ. చిన్న పడవల్లో వైర్‌లెస్ లేదు. నరేంద్రబాబు కంట్రోల్ రూంకు ఫోన్ చేశాడు. బోటు పంపుతామన్నారు, కానీ అది చాలా దూరం నుంచి రావాలి. దక్షిణాన ఆకాశం అప్పటికే సిరా ఒలికినట్టు నల్లబడుతోంది.

"పొగ," అంది రోజా. "పొగేద్దాం."

చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

ఊళ్ళో ఎవరైనా పోతే ఇసుక దిబ్బ మీద పచ్చి తాటాకులు తగలబెడతారు. ఆ నల్లటి పొగ కంటబడితే, వలలో ఎంత చేపున్నా సరే, ఎత్తుకుని ఒడ్డుకు తిరగాల్సిందే. చావున్న రోజు వేట లేదు. తాతల నాటి కట్టుబాటు. దాన్ని ఎవరూ దాటరు.

దానికి ఇంకో సగం కూడా ఉంది. చావు లేకుండా పొగ వేయకూడదు. వేస్తే ఆ పొగ ఊరికే పోదు, ఊళ్ళో ఎవరో ఒకరిని వెతుక్కుంటుంది.

"ఎవరి పేరున వేస్తావే?" అంది ధనలక్ష్మి. "పేరు లేకుండా నిప్పు పెట్టకూడదు గదా."

ఎవరికి వాళ్ళు పిల్లలను దగ్గరికి లాక్కున్నారు.

"నా పేరున వేస్తా," అంది రోజా.

"వద్దు," అన్నాడు నరేంద్రబాబు. అంత గట్టిగా తను ఎప్పుడూ మాట్లాడలేదు. "తప్పు నాది. నా పేరు పెట్టండి."

"నువ్వు మా ఊరోడివి కాదబ్బయ్యా, నీ పేరు చెల్లదు," అంది వెనక నుంచి ఒక గొంతు.

బోర్లించిన పడవ నీడలో వల అల్లుతున్న నాగులమ్మ. చిన్నపోలయ్య తల్లి. ఆమె వయసెంతో ఆమెకే తెలియదు. దారం పళ్ళతో కొరికి, తాపీగా లేచింది.

"నా పేరు పెట్టండి."

"అవ్వా..."

"ఏందే అవ్వా అవ్వా అని. ఆ పొగకు ఒక పేరు కావాల. ఎట్టాగూ పోవాల్సిందాన్నే. నేను పోయినానంటే నా కొడుకూ మనవడూ ఒడ్డుకొస్తారంటే, అంతకంటే మంచి చావు ఎవురికి దొరకతాదే? ఊరికే నిలబడినారేంది, తాటాకులు కొట్టుకు రండి."

తరవాత ఎవరూ ఆగలేదు. నరేంద్రబాబు మోపులు మోపులుగా తాటాకులు మోశాడు. మట్టలు చేతులు గీరేశాయి. పొగ కళ్ళల్లోకి కొట్టింది, చొక్కా చేతికి నిప్పు రవ్వ పడి బొక్క పడింది. నల్లటి పొగ దిబ్బ మీంచి లేచి, సరుగుడు తోపు దాటి ఆకాశంలోకి నిటారుగా పోయింది.

ఇక చేయగలిగింది చూడటమే.

సముద్రం ఖాళీగా ఉంది. రోజా దిబ్బ అంచున నిలబడింది. అతను పక్కన నిలబడ్డాడు.

"వాళ్ళు రాకపోతే..."

"మిగతాది అనకండి," అంది ఆమె సముద్రం మీంచి చూపు తిప్పకుండా. "ఈ ఒక్కసారికి సగంలో ఆపేయండి."

ఆపేశాడు. తెలియకుండానే ఇద్దరి చేతులూ దగ్గరికొచ్చాయి. ఎవరు ముందు పట్టుకున్నారో ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు. పట్టుకున్నాక వదలలేదు.

"అదిగో," అంది ధనలక్ష్మి.

నీటి మీద నల్లటి చుక్క. దాని వెనక ఇంకోటి. ఆ వెనక వరసగా ఆవగింజలు చల్లినట్టు. ఒక్కో పడవా అలల మీద ఎగిరి వచ్చి ఇసుకలో దిగుతుంటే ఆడవాళ్ళు మొగుళ్ళను, కొడుకులను గుర్తుపట్టి కూలబడిపోతున్నారు.

చిన్నపోలయ్య పడవ రాలేదు.

మొదటి గాలి దెబ్బ తగిలింది. పొగ వంగి ఊరి మీదికి పడింది. రోజా వేళ్ళు బిగుసుకున్నాయి.

పొగ తొలగేసరికి కనిపించింది. ఒక పడవ కాదు, రెండు. ఇంజను ఆగిపోయిన ధనలక్ష్మి మొగుడి పడవను మోకు కట్టి లాక్కొస్తున్నాడు చిన్నపోలయ్య. అందుకే ఆలస్యం.

పడవ నేల తగలకముందే చిన్నపోలయ్య నడుం లోతు నీళ్ళలోకి దూకాడు.

"ఎవరబ్బా పోయింది?"

"నాగులమ్మంట," అన్నాడు ముందొచ్చిన వాళ్ళలో ఒకడు, పొగ ఎవరి పేరునో మాత్రమే విన్నవాడు, తల వంచుకుని.

చిన్నపోలయ్య అక్కడే తడి ఇసుకలో మోకాళ్ళ మీద పడిపోయాడు. "అమ్మా," అని ఆకాశం వైపు చేతులెత్తాడు. "పొద్దున సద్దన్నం పెట్టి పంపితివే. నీ చేతి ముద్ద..."

"ఏడ్పు చాల్లే," అంది వెనక నుంచి నాగులమ్మ. "ముందు పడవ పైకి లాగు. గాలొస్తా ఉంది."

చిన్నపోలయ్య తిరిగి చూశాడు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. పెంచల్ నోరు తెరిచాడు, మూయడం మర్చిపోయాడు. ఆ తరవాత ఎవరో ఒకరు నవ్వారు. అంతే, గాలి హోరుతో పోటీపడి ఒడ్డంతా నవ్వూ ఏడుపూ కలిసిపోయాయి. అందరూ కలిసి ఆఖరి పడవను దిబ్బ మీదికి లాగారో లేదో, సముద్రం తిరగబడింది. పొద్దున పడవలు తిరిగిన చోట ఇప్పుడు తెల్లటి నురగ గోడలా లేస్తోంది.

వాన మొదలైంది. ఊరంతా వేలం అరుగు రేకుల కింద చేరింది.

"ఈ అబద్ధం పొగ ఎవరేసినారు?" చిన్నపోలయ్య అడిగాడు.

"నేనే నాయనా."

"తప్పు నాది," అని ముందుకొచ్చాడు నరేంద్రబాబు. "డబ్బా. పొరపాటు. మెసేజ్..."

రోజా అతని వైపు చూసింది. అతను ఊపిరి పీల్చుకున్నాడు.

"చిన్న పడవలు వెళ్ళకూడదని పొద్దున మెసేజ్‌లో స్పష్టంగా ఉందండీ. నేను రాసిన ప్రోగ్రాం ఆ మాటలన్నీ పారేసి, వెళ్లవచ్చు అన్న ఒక్క ముక్కే మీకు చెప్పింది. మెసేజ్ పంపినవాళ్ళ తప్పు లేదు, డబ్బా తప్పు లేదు, మీ అమ్మాయి మొదటి రోజే చెప్పినా నేను వినలేదు. మీరు నన్నేమన్నా పడతాను. కానీ దాన్ని బాగుచేసేదాకా ఇక్కడి నుంచి కదలను."

చిన్నపోలయ్య దిబ్బ మీది పడవలను ఒక్కొక్కటే లెక్కబెట్టాడు. "పోయినోళ్ళందరూ వచ్చినారు," అన్నాడు చివరికి. "ఇంక అనేదానికి ఏముంది. పో, బాగుచెయ్యి."

సంఘం గదిలో రోజా లాంతరు లైటు పట్టుకుంది. కరెంటు పోయింది, ల్యాప్‌టాప్‌లో చార్జింగు ఉంది. రేకుల మీద వాన దరువేస్తోంది.

"ఏం చేస్తన్నారు?"

"అరలు తీసేస్తున్నాను. ఇక మీదట ఒకటే వరస. ట్యాగున్న మాటైనా, లేని మాటైనా, ఎక్కడొచ్చింది అక్కడే ఉంటుంది. ముందుది ముందు, వెనకది వెనక. ట్యాగున్నవాటిని కాస్త గట్టిగా చదువుతుంది, అంతే తేడా."

"కదంబం అన్నమాట."

"ఏంటది?"

"కదంబం దండ తెలీదా? మల్లెలూ కనకాంబరాలూ మాత్రం ఏరుకుని మరువం పారేస్తే అది కదంబం ఎట్టా అవతాది? అన్నీ కలిపి వరసగా కడితేనే వాసన."

అతను తెర మీంచి తలెత్తాడు. ఈసారి చూడటానికి మేక కూడా దగ్గర్లో లేదు. ఆమె చూపు తిప్పుకోలేదు.

కరెంటు వచ్చింది. డబ్బా గరగరమని, బుధవారపు హెచ్చరికను మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా చదివింది. రేకుల కింద ముసలివాళ్ళు తలలూపారు. "ఇప్పుడొచ్చినాయి మాటలు," అన్నారెవరో.

"డబ్బా చదివాక మీరు కూడా చదవాలి," అన్నాడు నరేంద్రబాబు. "రెండూ ఒకటైతేనే పడవలు దిగాలి."

"మనిషి చదివితే తప్పులొస్తాయన్నారే?"

"ఆ మాట ఇప్పుడు గుర్తు చేయాలా?"

వాన తగ్గేసరికి నాగులమ్మ గుమ్మంలో ప్రత్యక్షమైంది. వెనకే చిన్నపోలయ్య, పెంచల్, ఇంకా సగం వీధి.

"ఇదిగో, నా సంగతి తేల్చండి," అంది ముసలమ్మ. "నా పేరున పొగ లేచిందా లేదా? చచ్చినానని పొగేసిన ఇంట్లో తొందరగా ఒక మంచి మాట జరగాల. లేకపోతే ఆ పొగ నన్ను వదలదు."

"ఏం మంచి మాటవ్వా?" అన్నాడు పెంచల్.

"నాకేం తెలుసబ్బా. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లుంది. ఈ అబ్బయ్యేమో వచ్చినకాడ్నించి ఒక వైరు బాగుచేస్తా ఉన్నాడు. ఒక వైరుకు అన్నిరోజులు పడతాదా?"

అందరి కళ్ళూ నరేంద్రబాబు మీద పడ్డాయి. అతను లేచి నిలబడ్డాడు.

"నేను. రోజా. ఆదివారం. మా అమ్మ."

"డబ్బా మళ్ళీ చెడిపోయింది," అన్నాడు పెంచల్.

రోజా నవ్వు ఆపుకుంటూ చేతులు కట్టుకుంది. "మధ్యలో మాటలు మింగకండి సార్."

అతను ఆమెనొక్కదాన్నే చూస్తూ మాట్లాడాడు.

"వైరు మొదటి రోజే అయిపోయింది. ఆ తరవాత ఉన్నది నువ్వు మైకులో మాట్లాడుతుంటే వినడానికి. నువ్వు మేక గురించి చెప్పినా నాకు వినాలనే ఉంటుంది. ఇందాక దిబ్బ మీద నీ చెయ్యి పట్టుకున్నప్పుడు, ఇది వదిలే పని ఉండకూడదనుకున్నాను. నీకు ఇష్టమైతే ఆదివారం సంగం నుంచి మా అమ్మానాన్నలను తీసుకొస్తాను. ఇష్టం లేకపోతే డబ్బాకు నా నంబరు రాసిపెట్టి పోతాను, చెడిపోతే ఫోన్ చెయ్యి. ఏదైనా సరే, సార్ అనడం మాత్రం మానెయ్యి."

రోజా చెవి వెనక్కి జుట్టు తోసుకుంది, అంతే. ఇన్నాళ్ళకు మాటలు దొరక్కపోవడం ఆమె వంతైంది.

"మీరు వరి పండించేవాళ్ళు," అన్నాడు చిన్నపోలయ్య నెమ్మదిగా. "మేము సముద్రమోళ్ళం. మీ ఇంట్లో ఒప్పుకోవాల గదబ్బయ్యా."

నరేంద్రబాబు అప్పటికప్పుడు ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశాడు. పొద్దుటి నుంచి జరిగిందంతా చెప్పాడు. పొగ, నాగులమ్మ, కదంబం, అన్నీ. రోజా ఎవరో, ఎవరి బిడ్డో, ఆమె మాట వింటే తనకేమవుతుందో కూడా దాచలేదు.

"ఎవరండీ మాట్లాడేది?" అంది వెంకటశేషమ్మ.

"అమ్మా, నేనే. నరేంద్రను."

"నువ్వేనా? ఒరే నాయనా, నీకిన్ని మాటలొచ్చా? మీ నాన్నగారు రెండు రోజులు అలుగుతారు. ఆయన అలక సంగతి నేను చూసుకుంటా. నీచేత ఇంత మాట్లాడించిన పిల్ల ఎవరో, ముందు ఆమెకు ఫోనివ్వు."

రోజా ఫోనందుకుని బయటి చూరు కిందికి పోయింది. ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ వినిపించలేదు. తిరిగొచ్చేసరికి ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, పెదవులు నవ్వుతున్నాయి. నరేంద్రబాబు నిలువునా ప్రశ్నలా నిలబడ్డాడు.

ఆమె అతనికి జవాబు చెప్పలేదు. నేరుగా మైకు దగ్గరికి పోయి స్విచ్చి నొక్కింది. టక్‌మంది.

"ఊరందరికీ జెప్పేది ఏందంటే, మా అవ్వ చావలేదు, పులుసు కోసం కూర్చోనుంది. తాటాకులు ఎవరి చెట్లవి కొట్టినామో వాళ్ళు రేపు మా నాయనను తిట్టుకోవచ్చు. పడవలు మళ్ళీ ఎప్పుడు దిగాలనేది డబ్బా జెప్తాది, తరవాత నేను జెప్తా, రెండూ వినండి. ఆదివారం మా ఇంటికి సంగం నుంచి చుట్టాలొస్తన్నారు, వాళ్ళబ్బాయంటే నాకు ఇష్టమే, ఆ సంగతి ఆయనకు గూడా ఇప్పుడే తెలస్తా ఉంది. ధనలక్ష్మత్తా, ఆ రోజుకి మాత్రం నీ మేకను కట్టెయ్యి."

ఒక్క క్షణం ఆగి, నరేంద్ర వైపు చూసి, మళ్ళీ అందుకుంది.

"ఇంకో మాట. ఆ వైరు ఇంకెవరూ కొయ్యొద్దు."